మొదటి ఏరోబాటిక్ విమానం: ఏది కొనాలి, దేనికి ఇంకా తొందర లేదు

లైసెన్సు చేతికొచ్చి ఏడాదో రెండేళ్లో గడిచాక కొందరు పైలట్లకు ఒక రకమైన దురద పుడుతుంది. ఎక్కడం, తిన్నగా పోవడం, దిగడం, ఇంతేనా అనిపిస్తుంది. ఎప్పుడో ఎయిర్ షోలో గిరికీలు కొడుతుండగా చూసిన ఎక్స్‌ట్రా 300 అనే ఏరోబాటిక్ విమానం కళ్ల ముందు గిరగిరా తిరుగుతుంది. అమ్మకపు ప్రకటనలు తిరగేయడం మొదలవుతుంది. "ఎలాగూ కొంటున్నాం, పెద్దదే కొనేస్తే మళ్లీ మార్చే పని ఉండదు కదా" అన్న వాదన కూడా అప్పుడే తయారవుతుంది.

వినడానికి బాగానే ఉంటుంది గానీ నేను ఒప్పుకోను. మొదటి విమానం మన తప్పు మనకు కనబడేంత నెమ్మదిగా తిరగాలి. ఆ తప్పును తట్టుకునేంత గట్టిగా ఉండాలి. వారానికి ఒకసారైనా బయటికి తీయబుద్ధయ్యేంత సులువుగా కూడా ఉండాలి. ఈ మూడూ కలిసిన విమానం చూడ్డానికి అంత హీరోలా ఉండదు. ఫొటోలో బాగా పడే విమానాల్లో ఈ మూడింటిలో ఏదో ఒకటి తక్కువవుతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. డబ్బు కట్టే ముందు, కొనాలనుకున్న రకం విమానంలోనో దానికి దగ్గర రకంలోనో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని కనీసం పది గంటలు తిరగండి. ఇది భద్రత కోసం మాత్రమే కాదు. ఏరోబాటిక్స్ అంటే ప్రాణమనుకున్నవాళ్లలో కొందరికి నాలుగో రోల్‌కే (విమానం ముందుకి పోతూనే పక్కకి ఒక పూర్తి చుట్టు తిరగడం) కడుపు తిప్పేస్తుంది. చాలామందికి అది పది పదిహేను నిమిషాల చొప్పున అలవాటు చేసుకుంటే తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు. ఆ సంగతి అద్దె విమానంలో తెలిస్తే చవకలో పోయినట్టే.

జి అంకె చూసి మోసపోవద్దు

ప్రకటనల్లో అందరి కళ్లూ ముందు పడేది జి అంకె మీద. తిన్నగా ఎగిరేటప్పుడు మన ఒంటి మీద ఉండేది 1 జి, అంటే మన మామూలు బరువు. అదే 4 జి లో 70 కిలోల మనిషి 280 కిలోల బరువున్నట్టు సీటుకు అతుక్కుపోతాడు. ప్లస్ అంటే మనిషిని సీట్లోకి నొక్కే బలం, మైనస్ అంటే సీట్లోంచి బయటికి లాగే బలం. మామూలు విమానాల్లో నార్మల్ కేటగిరీ హద్దు ప్లస్ 3.8, యుటిలిటీ కేటగిరీది 4.4. ఏరోబాటిక్ కేటగిరీకి ప్లస్ 6, మైనస్ 3.

కొత్తవాళ్లు నేర్చుకునే లూప్‌కు, అంటే నిలువుగా వేసే గుండ్రటి చుట్టుకు, పట్టేది మూడున్నర, మహా అయితే నాలుగు జి. మరి 6 ఎందుకంటే విన్యాసం చెడినప్పటి కోసం. రోల్ మధ్యలో తలకిందులుగా ఉండగా దారి తప్పి, కంగారులో స్టిక్ (విమానాన్ని తిప్పే చేతి కడ్డీ) వెనక్కి లాగేస్తాం. ముక్కు నేల వైపు తిరుగుతుంది, వేగం దూసుకుపోతుంది, భయంతో ఇంకా గట్టిగా లాగుతాం. ఆ రెండు మూడు సెకన్లలో మనల్ని కాచేది పైన మిగిలిన ఆ రెండు జి. ఎక్స్‌ట్రా 300 ఒక్కరే కూర్చుంటే అటు 10 జి, ఇటు 10 జి తట్టుకుంటుంది, నిజమే. తట్టుకోలేనిది లోపల ఉన్న కొత్త మనిషి. ముందు రంగులు వెలిసిపోతాయి, తర్వాత చూపు అంచుల నుంచి నల్లబడుతుంది, ఇంకా లాగితే స్పృహే పోతుంది. శరీరానికి ఆ అలవాటు నెలల మీద వస్తుంది తప్ప విమానంతో పాటు కొనుక్కోలేం.

జి కంటే నేను ముందు అడిగేది వేరే. ముక్కు కిందికి పెడితే వేగం ఎంత తొందరగా పెరుగుతుంది? దీన్ని ఎవరూ ప్రకటనలో రాయరు. రెక్కను పట్టి ఉంచే స్ట్రట్‌లు అనే కడ్డీలు, బయటికి వేలాడే చక్రాలు, గుడ్డ చుట్టిన రెక్కలు ఉన్న విమానాన్ని గాలే పట్టి ఆపుతుంది. నున్నగా, సన్నగా ఉన్న విమానం అదే డైవ్‌లో చూస్తుండగానే వేగం మీటరు మీద గరిష్ఠ హద్దు చూపే ఎర్రగీత దగ్గరికి వెళ్లిపోతుంది. కొత్త పైలట్‌కి ఆ గాలి నిరోధం ఇంకో ఇన్‌స్ట్రక్టర్ లాంటిది.

సిటాబ్రియా, డెకథ్లాన్

నా ఓటు సూపర్ డెకథ్లాన్‌కే, కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను.

కథ సిటాబ్రియాతో మొదలవుతుంది. 1964లో వచ్చింది. ఆ పేరును ఇంగ్లిషు అక్షరాల్లో వెనక నుంచి చదివితే 'ఎయిర్‌బాటిక్' అని వస్తుంది. రెక్క మన తల పైన ఉంటుంది, సీట్లు ఒకదాని వెనక ఒకటి, చేతికి స్టిక్, వెనక తోకచక్రం. హద్దులు ప్లస్ 5, మైనస్ 2. లూప్, స్పిన్ (రెక్క పట్టు తప్పి గింగిరాలు తిరుగుతూ కిందికి పడటం), పీపా చుట్టూ తిరిగినట్టుండే బ్యారెల్ రోల్ హాయిగా చేస్తుంది. కానీ దాని రెక్క అడుగు చదునుగా ఉంటుంది. అలాంటి రెక్కకు బోర్లా ఎగరడం ఇష్టం ఉండదు. తలకిందులైనప్పుడు ఎత్తు పోకుండా పట్టాలంటే స్టిక్ బాగా ముందుకి తొయ్యాలి, ముక్కు ఆకాశం వైపు అసహజంగా ఎత్తిపెట్టాలి. పైగా ఇటువైపు హద్దు మైనస్ 2 మాత్రమే. చాలా సిటాబ్రియాల్లో తలకిందులుగా ఉన్నప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు అందించే ఏర్పాటు కూడా లేదు.

1970లో వచ్చిన డెకథ్లాన్ ఈ లోటు తీర్చింది. చూడ్డానికి తోబుట్టువే గానీ రెక్క వేరు. పైనా కిందా దాదాపు ఒకే వంపు. హద్దులు ప్లస్ 6, మైనస్ 5. తలకిందులైనా ఇంజిన్‌కి పెట్రోలు అందించే చిన్న హెడర్ ట్యాంకు ఉండటం వల్ల సుమారు రెండు నిమిషాలు బోర్లా ఎగరొచ్చు. కొత్తవాళ్లకు రెండు నిమిషాలు తలకిందులుగా వేలాడటం చాలా ఎక్కువ, నమ్మండి. తొలి డెకథ్లాన్లకు 150 హార్స్‌పవర్. సూపర్ డెకథ్లాన్‌లో 180 హార్స్‌పవర్ ఏఈఐఓ-360 ఇంజిన్, వేగాన్ని బట్టి తనంతట తానే కోణం మార్చుకునే ప్రొపెల్లర్. ఈ ప్రొపెల్లర్ సౌకర్యం పైకి కనిపించేదాని కన్నా పెద్దది. కోణం మారని ప్రొపెల్లర్ ఉంటే డైవ్ చేసిన ప్రతిసారీ ఇంజిన్ హద్దు దాటి తిరగకుండా థ్రాటిల్ వెనక్కి తీస్తూ ఉండాలి. లూప్ నేర్చుకునే మనిషికి అది ఇంకో పని. సూపర్ డెకథ్లాన్ ఆ పని తనే చూసుకుంటుంది.

దీని మీద ఉన్న ఫిర్యాదు, రోల్ నెమ్మది, స్టిక్ బరువు అని. రెండూ నిజమే. ఒక రోల్‌కు నాలుగైదు సెకన్లు పడుతుంది. అదే పని ఎక్స్‌ట్రా ఒక సెకనులో ముగిస్తుంది. నేను ఆ నాలుగైదు సెకన్ల కోసమే దీన్ని కొనమంటాను.

నా మొదటి స్లో రోల్ చెప్తే అర్థమవుతుంది. ముక్కు కొంచెం పైకెత్తి స్టిక్ ఎడమకి నొక్కాను. రెక్క వంగింది గానీ ముక్కు కుడికి జారింది, ఎందుకంటే రడ్డర్ మీద, అంటే ముక్కును పక్కలకి తిప్పే పెడల్ మీద, కాలు నిద్రపోతోంది. రెక్క నిలువుగా నిలబడ్డప్పుడు పై వైపు కాలు నొక్కాలి, నొక్కలేదు, ముక్కు పడింది. తలకిందులయ్యే సరికి విమానం లోపలి నేల మీది మట్టి, ఎవరిదో చిన్న పెన్సిలు ముక్క కళ్ల ముందు నుంచి పైకప్పుకి పోయాయి. స్టిక్ ముందుకి తొయ్యాల్సింది పోయి బిగుసుకుని నాకేసే లాక్కున్నాను. మొత్తం తిరిగేసరికి దాదాపు 500 అడుగులు దిగిపోయాం, దిక్కు 30 డిగ్రీలు మారింది. వెనక సీట్లోంచి ఇన్‌స్ట్రక్టర్ తాపీగా అడిగాడు, "ఇందాకటి మూడు తప్పుల్లో మొదటిది ఎక్కడ జరిగింది?" చెప్పగలిగాను, ఎందుకంటే ప్రతి తప్పుకీ ఒక సెకను దొరికింది. సెకనుకు 400 డిగ్రీలు తిరిగే విమానంలో ఆ మూడు తప్పులూ చేసినా రోల్ పూర్తయిపోతుంది, బాగానే వచ్చిందనుకుంటాం. కాళ్లు మాత్రం నిద్రలోనే ఉంటాయి. (ఆ పెన్సిలు ముక్క సంగతి మళ్లీ చెప్తాను.)

పోటీల మాట కూడా ఒకటి. అమెరికాలో ఏరోబాటిక్ పోటీల్లో ప్రైమరీ, స్పోర్ట్స్‌మన్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, అన్‌లిమిటెడ్ అని ఐదు మెట్లు. మొదటి రెండు మెట్లకూ సూపర్ డెకథ్లాన్ సరిపోతుంది. ఆ రెండు మెట్లు ఎక్కడానికే చాలామందికి రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటికి దీన్ని అమ్మాలంటే కొనేవాళ్లు తలుపు తడతారు, ఎందుకంటే నేర్పే స్కూళ్లకి కావాల్సింది ఇదే.

సెస్నా ఏరోబాట్

తోకచక్రం అంటే భయం, ఖర్చు తక్కువలో కావాలి అనేవాళ్లకు ఇది. సెస్నా 150, 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానాలకు బలం పెంచి, తలుపులు ఊడదీసి దూకే ఏర్పాటు పెట్టి, పైకప్పులో రెండు కిటికీలు అమర్చి ఏరోబాట్ అని పేరు పెట్టారు. ప్లస్ 6, మైనస్ 3. 150లో 100 హార్స్‌పవర్, 152లో 110. ముక్కు కింద చక్రం ఉంటుంది కాబట్టి దిగడం మీకు తెలిసిందే. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి ఏం చేస్తోందో కళ్లారా చూడొచ్చు.

లోటు ఎక్కడంటే హార్స్‌పవర్‌లో. లూప్‌కు 115 నాట్ల వేగం కావాలంటే ముందు కాసేపు డైవ్ చెయ్యాలి. రెండు లూపులు, ఒక రోల్ అయ్యాక పోయిన ఎత్తు తిరిగి సంపాదించుకోవాలి. సముద్ర మట్టం దగ్గర 152 నిమిషానికి 715 అడుగులు ఎక్కుతుందని పుస్తకం చెప్తుంది. ఎండ కాసే మధ్యాహ్నం ఇద్దరు కూర్చుని 4,000 అడుగుల పైన అది సగం కూడా రాకపోవచ్చు. గంట ఎగిరితే అందులో నలభై నిమిషాలు ఎక్కడానికే పోతుంది. సూపర్ డెకథ్లాన్‌కు నిమిషానికి ఎక్కే ఆ పుస్తకం అంకె 1,280, తర్వాత చెప్పబోయే పిట్స్ ఎస్-2బికి 2,700.

ఏరోబాట్‌లో తలకిందులుగా నిలబడితే ఇంజిన్ దగ్గుతుంది, అలా ఎగరడానికి అనుమతి కూడా లేదు. అయినా స్పిన్ నేర్చుకోవడానికి దీన్ని మించిన గురువు తక్కువే. ఒక చుట్టు స్పిన్, కోలుకోవడం కలిపి 1,000 అడుగులు పోతాయని దాని మాన్యువలే చెప్తుంది. దాన్ని కళ్లతో చూస్తే ఎత్తు విలువ తెలుస్తుంది. పదిహేను ఇరవై గంటలకు మించి దీనితో ఉండాలనిపించదు, అందుకే నేనైతే అద్దెకు తీసుకుంటాను గానీ కొనను.

పిట్స్, అందరూ మోజుపడేది

అమెరికా విమాన రూపకర్త కర్టిస్ పిట్స్ తన మొదటి చిన్న బైప్లేన్‌ను (ఒకదాని పైన ఒకటిగా రెండు రెక్కలున్న విమానం) 1944లో ఎగరేశాడు. అప్పట్లో ఏరోబాటిక్ విమానాలంటే పెద్దవి, బరువైనవి. ఈయన బుల్లి విమానం వాటిని పక్కకి నెట్టేసింది. ఏరోబాటిక్ పైలట్ బెట్టీ స్కెల్టన్ నడిపిన ఎరుపు తెలుపు పిట్స్ 'లిటిల్ స్టింకర్' ఇప్పుడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో బోర్లా వేలాడుతోంది. వచ్చిన సందర్శకులకు ముందుగా కనబడేది అదే.

రెండు సీట్ల ఎస్-2బి, 260 హార్స్‌పవర్, రెక్క కొస నుంచి కొసకి 6 మీటర్లు. గాల్లో ఉన్నంతసేపు ఇది బంగారం. అనుకున్నదే తడవుగా తిరుగుతుంది, రెండు జతల రెక్కలు, తీగలు గాలిని పట్టుకోవడం వల్ల డైవ్‌లో వేగం హద్దు మీరదు, స్పిన్‌లోంచి చటుక్కున బయటికి వస్తుంది. ఏరోబాటిక్ పైలట్లు జీన్ బెగ్స్, ఎరిక్ ముల్లర్ ప్రచారంలోకి తెచ్చిన అత్యవసర స్పిన్ పద్ధతి, అంటే పవర్ తీసేసి, స్టిక్ వదిలేసి, తిరుగుతున్న దిశకు ఎదురుగా రడ్డర్ పూర్తిగా నొక్కడం, పిట్స్‌లో పనిచేస్తుంది. అయితే అది అన్ని విమానాల్లోనూ పనిచెయ్యదు. ఏ విమానం కొన్నా దాని మాన్యువల్లో రాసిన పద్ధతే మీ పద్ధతి.

పిట్స్‌తో గొడవంతా నేల దగ్గర. దిగేటప్పుడు ముందు రన్‌వే కనబడదు, ఇంజినే కనబడుతుంది. వంపుగా వచ్చో, పక్కకి జార్చుకుంటూ వచ్చో చివరి క్షణంలో తిన్నగా చెయ్యాలి. పవర్ తీస్తే రాయి దిగినట్టు దిగుతుంది. చక్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, బరువు వాటి వెనక ఉంటుంది, కాబట్టి తాకాక ఒక్క క్షణం కాళ్లు ఏమరితే తోక ముందుకి వచ్చేస్తుంది. తోకచక్రం మీద యాభై గంటలైనా లేకుండా దీని జోలికి వెళ్తే ఏరోబాటిక్స్ నేర్చుకునే సమయమంతా ల్యాండింగ్ భయంలోనే గడిచిపోతుంది. అలాంటివాళ్లను చూశాను. ఎగరడానికి వస్తారు, గాలి ఎటు వీస్తోందో చూస్తారు, "ఇవాళ వద్దులే" అని హ్యాంగర్ మూసేస్తారు.

ఒంటి సీటు ఎస్-1 చవకగా దొరుకుతుంది, దానికి ఆశపడేవాళ్లూ ఉంటారు. అందులో ఇన్‌స్ట్రక్టర్‌కి చోటు లేదు. మీ మొదటి ప్రయాణమే ఒంటరి ప్రయాణం. అదొక్కటి చాలు, మొదటి విమానాల లెక్కలోంచి దాన్ని తీసెయ్యడానికి.

తోకచక్రం మీద నాలుగైదు వందల ల్యాండింగులు చేసి, వారానికి రెండుసార్లు ఎగరగలిగి, దగ్గర్లోనే పిట్స్ నేర్పే మనిషి ఉంటే మాత్రం నా మాట పక్కన పెట్టండి. అలాంటివాళ్లకి ఎస్-2 మొదటి విమానమైనా నష్టం లేదు.

మిగిలినవి, కొంచెం తొందరగా

ఫ్రాన్సు వాళ్ల క్యాప్ 10 నాకు చాలా ఇష్టం. 180 హార్స్‌పవర్, పక్కపక్కన సీట్లు, గుండ్రటి గాజు మూత, ప్లస్ 6, మైనస్ 4.5. స్టిక్ మీద వెన్నలా ఉంటుంది. డెకథ్లాన్ కన్నా చలాకీ, పిట్స్ కన్నా సాధువు. చెక్కతో చేసింది కాబట్టి స్పార్ (రెక్క లోపలి దూలం) తనిఖీల చరిత్ర వంక లేకుండా ఉండాలి, చెక్క పని తెలిసిన మెకానిక్ అందుబాటులో ఉండాలి. ఆ రెండూ ఉంటే నా పట్టికలో ఇది రెండోది.

యాక్-52 చూస్తే చిన్నప్పటి యుద్ధ విమానం బొమ్మ గుర్తొస్తుంది. 360 హార్స్‌పవర్, తొమ్మిది సిలిండర్ల గుండ్రటి ఇంజిన్, ప్లస్ 7, మైనస్ 5, ముందు చక్రం. దిగడం సులువు, కట్టడం గట్టిది. కానీ ఇది విమానం కన్నా ఒక వ్యాపకం. స్టార్ట్ చేసేముందు ప్రొపెల్లర్ చేత్తో తిప్పి, కింది సిలిండర్లలోకి జారిన ఆయిలు చూసుకోవాలి. చూసుకోకపోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్టార్టర్, బ్రేకులు, చక్రాలు అన్నీ గాలి ఒత్తిడి మీద నడుస్తాయి. ప్రొపెల్లర్ మనకు అలవాటైన దిశకి ఎదురు తిరుగుతుంది కాబట్టి టేకాఫ్‌లో కాలు కూడా ఎదురు వైపు కావాలి. పెట్రోలు సంగతి అడక్కండి. చేతులకు గ్రీజు అంటడం ఇష్టమైనవాళ్లకి ఇది పండగ, మిగతావాళ్లకి తలనొప్పి.

ఇంట్లో కట్టుకునే ఆర్‌వీ-7, ఆర్‌వీ-8 కొన్నవాళ్లు "ఇది ఏరోబాటిక్స్ కూడా చేస్తుంది" అంటారు. చేస్తుంది. 1,600 పౌండ్ల లోపు బరువుంటే ప్లస్ 6, మైనస్ 3. కానీ ఇద్దరు కూర్చుని, పారాచూట్లు కట్టుకుని, కాస్త పెట్రోలు పోస్తే ఆ హద్దు తగులుతుంది. పైగా నేను ముందు చెప్పిన నున్నటి విమానం ఇదే. రోల్ మధ్యలో ముక్కు పడితే వేగం క్షణాల్లో పెరిగిపోతుంది. దూరప్రయాణాలకి, అప్పుడప్పుడూ సరదాగా ఒక రోల్‌కి బ్రహ్మాండం. నేర్చుకునే బడిగా వద్దు.

పాత బైప్లేన్లు, టైగర్ మాత్, స్టాంప్, యుంగ్‌మాన్ లాంటివి, ఎవరైనా ఎక్కిస్తానంటే వెంటనే ఎక్కండి. వాటిని కొనడం వేరే జబ్బు, దాని మందు వేరే.

ఎక్స్‌ట్రా 300 గురించి ఇప్పటికే చాలా అన్నాను. 1988లో మొదట ఎగిరింది, 300 హార్స్‌పవర్, ఇప్పటికీ గొప్ప విమానం. దాన్ని మూడో ఏట కొనండి.

బరువు లెక్క

ఇది ఎవరూ వెయ్యరు. కొన్నాక బాధపడతారు. సూపర్ డెకథ్లాన్‌నే తీసుకుందాం. ఏరోబాటిక్స్‌కు గరిష్ఠ బరువు 1,800 పౌండ్లు, అంటే 816 కిలోలు. ఖాళీ విమానం 605 కిలోలనుకుందాం. మిగిలింది 211. మీరు 80, ఇన్‌స్ట్రక్టర్ 80. ఒక్కో పారాచూట్ 8 చొప్పున 16. ఇక మిగిలింది 35 కిలోలు. లీటరు పెట్రోలు 0.72 కిలోలు, అంటే 48 లీటర్లు. ఈ ఇంజిన్ గంటకి 38 లీటర్ల దాకా తాగుతుంది. అరగంట నిల్వ తీసేస్తే మీకు దక్కేది ముప్పావు గంట. నిజానికి నేర్చుకోవడానికి ముప్పావు గంట చాలు. కానీ 150 లీటర్ల ట్యాంకులు నింపుకుని వచ్చి "ఇద్దరం రోల్స్ కొడదాం" అనుకుంటే మాత్రం హద్దు దాటినట్టే. మీరు 100 కిలోలుంటే లెక్క ఇంకా బిగుస్తుంది. ప్రతి విమానానికీ దాని సొంత తూకం కాగితం చూసి, ఈ లెక్క మీ చేత్తో వెయ్యండి. రంగు వేయించుకుని, కొత్త సీట్లు, కొత్త రేడియోలు పెట్టించుకున్న విమానాలు కాగితంలో ఉన్నదాని కన్నా లావెక్కి ఉంటాయి.

రెక్క లోపలి దూలం

ఏరోబాటిక్ విమానానికి వయసు సంవత్సరాల్లో ఉండదు, ఎన్నిసార్లు వంగిందన్నదాంట్లో ఉంటుంది. 1970 జూన్‌లో బ్రిటిష్ ఏరోబాటిక్ పైలట్ నీల్ విలియమ్స్ జ్లిన్ అక్రోబాట్‌లో సాధన చేస్తుండగా ఎడమ రెక్క స్పార్ కింది అతుకు తెగింది. రెక్క పైకి మడుచుకోవడం మొదలైంది. ఆయన విమానాన్ని బోర్లా తిప్పేశాడు. బలం దిశ మారడంతో రెక్క మళ్లీ తన చోటుకి వచ్చి కూర్చుంది. అలా తలకిందులుగానే మైదానం దాకా తెచ్చి, నేలకి తగలబోయే ముందు తిప్పి దించి బతికి బయటపడ్డాడు. ఆ నైపుణ్యం మనకి లేదు. మనకున్నది కొనేముందు రెక్క విప్పి చూసే అవకాశం మాత్రమే.

పాత సిటాబ్రియా, డెకథ్లాన్లలో స్పార్‌లు చెక్కవి. తర్వాత వచ్చినవాటిలో లోహం, పాతవాటికి కూడా లోహపు స్పార్‌ల రెక్కలు అమర్చుకోవచ్చు. చెక్కవైతే తనిఖీ కంతల్లోంచి అద్దం, లైటు పెట్టి, రెక్కకు ఆకారమిచ్చే రిబ్బులు మేకులతో కూర్చున్న చోట్ల అడ్డంగా సన్నటి పగుళ్లున్నాయా అని చూడాలి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఈ స్పార్‌ల తనిఖీకి తప్పనిసరి ఆదేశాలిచ్చింది. అవి జరిగినట్టు లాగ్‌బుక్‌లో తేదీ, సంతకం ఉండాలి. ఎప్పుడో రెక్క కొస నేలకి తగిలిందని రాసి ఉండి, ఆ తర్వాత స్పార్ చూసినట్టు రాసి లేకపోతే, ధర ఎంత తగ్గించినా నేను లేచి వచ్చేస్తాను. పదేళ్లుగా కదలకుండా ఉన్న విమానం కూడా మేలిమిది కాదు. తేమ చెక్కను తింటుంది, నిలకడ ఇంజిన్ని తింటుంది.

అమ్మే మనిషిని ఒక ప్రశ్న అడగండి: "దీన్ని ఎవరు, ఏం నేర్పడానికి వాడారు?" సమాధానంలో ఒక్క విసురుతో తిప్పే స్నాప్ రోల్స్, గిరికీలు కొట్టే టంబుల్స్ ఎక్కువగా వినబడితే ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్, ప్రొపెల్లర్ బిగించిన చోటు మీద దృష్టి పెట్టమని మెకానిక్‌కి చెప్పండి. తిరిగే ప్రొపెల్లర్‌ను బలవంతంగా దిక్కు మారిస్తే ఆ భారమంతా మోసేది అవే.

ఇక ఆ పెన్సిలు ముక్క. తోక ఖాళీలోకి జారి కంట్రోలు కడ్డీల మధ్య ఇరుక్కున్న ఒక స్క్రూడ్రైవర్ చాలు, ముక్కును పైకీ కిందికీ కదిపే ఎలివేటర్ కదలకుండా పోవడానికి. కొనబోయే విమానం నేల తీసి, తోక భాగం వెనక దాకా టార్చి వేసి చూడండి. అక్కడ నాణేలు, బోల్టులు, పాత పెన్ను దొరికితే ఆ యజమాని మిగతా పనులు ఎలా చేయించాడో మీకే అర్థమవుతుంది.

కూర్చుని చూడండి

చివరగా, ఎగరకముందే కుర్చీ పరీక్ష. పారాచూట్ కట్టుకునే కూర్చోండి. మామూలుగా కూర్చుంటే సరిపోయిన సీటు, వీపు మీద పారాచూట్ వచ్చేసరికి మనిషిని ముందుకి, పైకి తోసేస్తుంది. తల మూతకి తగులుతోందా? పట్టీలన్నీ బిగించాక రెండు రడ్డర్లూ చివరిదాకా నొక్కగలరా? స్టిక్ పూర్తిగా ముందుకి తొయ్యగలరా, లేక పట్టీలు భుజాన్ని ఆపేస్తున్నాయా? బోర్లా ఉన్నప్పుడు మనిషి సీటులోంచి ఒక అంగుళం పైకి జారతాడు, ఆ అంగుళం కూడా లెక్కలో వేసుకోండి. తర్వాత పట్టీలు విప్పి, మూత లేదా తలుపు వదిలించి, బయటికి దిగడానికి ఎంతసేపు పడుతుందో ఎవరినైనా వాచీ పెట్టి చూడమనండి. మొదటిసారి పట్టీల్లో ఏది పారాచూట్‌ది, ఏది సీటుది అని వెతుక్కోవడానికే నాకు అర నిమిషం పట్టింది. ఆ రోజు బేరం మాట పక్కన పెట్టి, కళ్లు మూసుకుని అదే పది సార్లు చేశాను.